దుప్పట్లు చదివిన నర్సమ్మ

నర్సమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున, మా పెరటి వైపు గదిలో, ఎండ గడప దాకా వచ్చిన వేళకు. వారం రోజుల జ్వరం. మా అమ్మ పక్కనే కూర్చొని ఉంది.

మర్నాడు చావుల రిజిస్టరులో రాయించడానికి నాన్నతో కలిసి మున్సిపాలిటీ కచేరీకి వెళ్ళాను. గుమాస్తా కలం ముంచి, "పేరు చెప్పుండ్రి" అన్నాడు.

"నర్సమ్మ."

"నర్సమ్మని నాకూ ఎరుకేనమ్మా. మా ఇంటామె కాన్పుకు పది దినాలు మా ఇంట్లనే ఉన్నది. పని గాదు, పేరు చెప్పుండ్రి."

"అదే పేరు."

అతను నా ముఖం చూశాడు, నాన్న ముఖం చూశాడు. వకీలు సాబ్ బిడ్డ కచేరీకొచ్చి పరాచికాలాడుతుందా అని అతని అనుమానం. "అదే పేరు, రాయి" అన్నారు నాన్న. అప్పటికిగాని కలం కదల్లేదు.

మూడేళ్ళుగా మెదక్‌లో ఆమెను పిలవని వీధి లేదు. జ్వరమొస్తే నర్సమ్మ, కాన్పయితే నర్సమ్మ, ముసలివాళ్ళు మంచాన పడితే నర్సమ్మ. ఇంతమంది పిలిచినా అది ఆమె పేరని మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పేరు వల్ల ఒక పొరపాటు జరిగింది. ఆ పొరపాటు వల్ల మా అమ్మ బతికింది. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

పోలీసు చర్య జరిగిన ఏడు అది. హైదరాబాదులో మా కాలేజీ మూతపడి నేను ఇంటికొచ్చి పడ్డాను. ఊళ్ళలో కమ్యూనిస్టుల సంఘం, పట్నంలో రజాకార్లు; ఏ వార్త ఎటునుంచి వచ్చినా సగం నిజం, సగం భయం. నాకేమో ఒక చోట నిమిషం నిలవబుద్ధి అయ్యేది కాదు. కిటికీ తీసేదాన్ని, మూసేదాన్ని, చదివిన పుస్తకమే మళ్ళీ తెరిచేదాన్ని. "కూసున్న చోట ముండ్లున్నయా ఏందే?" అనేది మా మేనత్త. నాన్నకు అక్క. వంటిల్లు ఆమె రాజ్యం.

అప్పుడే అమ్మకు జ్వరం పట్టుకుంది. వారమైనా దిగలేదు. చర్చి దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చి చూసి, టైఫాయిడ్ అని చెప్పింది. "మూడు వారాలు ఉంటుంది. దీనికి పనిచేసే మందు నా దగ్గర లేదు. కనిపెట్టుకొని ఉండడమే మందు. ఈ ఒంటితో బండి ఎక్కించి దవాఖానకు తేవద్దు, అక్కడ వరండాల్లో కూడా మంచాలు నిండినయి. రాత్రీ పగలూ మంచం దగ్గర ఉండే నర్సును పెట్టుకోండి" అంది.

హైదరాబాదులో ఇళ్ళకు నర్సులను పంపే ఆఫీసు ఒకటుండేది. పని విరమించిన ఒక మేట్రన్ నడిపేది. కాలేజీకి పోతూ రోజూ ఆ బోర్డు కిందనుంచే నడిచేదాన్ని గనుక ఆ ఆలోచన చెప్పింది నేనే. ఉత్తరం రాసింది కూడా నేనే: శిక్షణ పొందిన నర్సు కావాలి, జబ్బు ఇది, ఇన్ని రోజులు అని చక్కని భాషలో. కానీ ఆ రోజుల్లో టపాను నమ్మేదెవరు? అందుకని నాన్న బస్సు డ్రైవరుకు నోటిమాటగా కూడా కబురు చెప్పారు.

"ఇంట్ల పానం బాగలేదు, జల్ది నర్సమ్మను పంపుండ్రని చెప్పు. మెదక్, వకీలు ఇల్లు."

"నర్సమ్మను పంపాలె. గంతే గద సాబ్?"

"గంతే."

నా ఉత్తరం ఎటు పోయిందో నేటికీ తెలియదు. నోటిమాట మాత్రం చేరింది. మూడో రోజు మధ్యాహ్నం మా గుమ్మంలో నర్సమ్మ దిగింది. తెల్లచీర, చంకలో మూట, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. చేతులు చూశాను. వేళ్ళు నానిపోయి తెల్లగా ముడతలుపడి, గోళ్ళు అరిగి ఉన్నాయి. నలభై ఐదు దాటిన మనిషి. గడప బయటే నిలబడి మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది, ఎవరినో వెతుకుతున్నట్టు.

"నన్ను ఎవరు యాది జేసిండ్రు?" అంది.

నర్సులు మర్యాదకు అట్లా అడుగుతారేమో అనుకున్నాం. అప్పుడే లోపల అమ్మ మూలిగింది. నర్సమ్మ ఇంకేమీ అడగలేదు. మూట దించి, మోచేతుల దాకా చేతులు కడుక్కొని, లోపలికి పోయి మంచం పక్కన వంగింది.

"అమ్మా, చెయ్యి వెడుతున్న" అంది. అప్పుడు నుదురు ముట్టింది.

అమ్మకు స్మారకం లేదు. వినిపించని మనిషికి ఎందుకు చెప్పడమని తర్వాత అడిగాను. "ఇనవడదని నీకెవరు చెప్పిండ్రు?" అంది. మూడేళ్ళలో చెప్పకుండా ఆమె ఒక్క రోగిని ముట్టగా నేను చూడలేదు.

మా మేనత్తకు ఆమె నచ్చలేదు. "పట్నం నర్సంటే బూట్లేసుకోని, గడియారం వెట్టుకోని వస్తదనుకుంటి. గీమె ఉత్త కాళ్ళతోటి వచ్చింది" అంది, వినబడేటట్టే.

"బూట్లు నడిచేటందుకు గదమ్మా. ఈడ నడిచేదేమున్నది? కూసునేదే పని" అంది నర్సమ్మ. ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. కూర్చోవడం ఒక పని అని నాకెవరూ చెప్పలేదు అంతవరకు.

పని మాత్రం చూడవలసిందే. అమ్మను ఇటునుంచి అటు తిప్పితే నీళ్ళకుండను కదిపినట్టుండేది, తొణికేది కాదు. మనిషి మంచం మీద ఉండగానే కింది దుప్పటి తీసి కొత్తది పరిచేది. తీసిన దుప్పటిని వెంటనే గంగాళంలో వేసేది కాదు. పెరట్లోకి తీసుకుపోయి, రెండు చేతులా ఎత్తి ఎండకు అడ్డంగా పట్టేది. మూల నుంచి మూలకు చూసేది. ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకునేది. అప్పుడు మరిగే నీళ్ళలో ముంచేది. మా నాన్న తీర్పుల నకళ్ళను కూడా అంత జాగ్రత్తగా చదవరు.

థర్మామీటరు దగ్గరే నాకు అనుమానం వచ్చింది. విదిలించడం వచ్చు, పెట్టడం వచ్చు. తీశాక మాత్రం నా చేతికిచ్చి, "నీ కండ్లు లేతయి బిడ్డా, జర చూడు" అనేది. మూడో రోజు కావాలనే అబద్ధం చెప్పాను. "నూట పన్నెండు" అన్నాను. అంత జ్వరముంటే మనిషే ఉండదు.

"అట్లనా? రాయి" అంది శాంతంగా. ఆమె అమ్మ అరికాలి మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, "కాయితం మీద నువ్వు ఎంతన్న రాసుకో బిడ్డా. కాలైతె నిన్నటికన్న సల్లగున్నది" అంది.

థర్మామీటరు మళ్ళీ చూశాను. నిన్నటికన్న ఒక డిగ్రీ తక్కువ.

పెరట్లో గంగాళం దగ్గర నిలదీశాను. "నీకు అంకెలు రావు. నువ్వు నర్సువేనా?"

ఆమె కర్రతో దుప్పట్లు తిప్పుతూనే ఉంది. "నేను నర్సునని ఎన్నడు చెప్పిన బిడ్డా? నా పేరే నర్సమ్మ."

ఆమే చెప్పింది. పుట్టింది మా మెదక్ దగ్గరి శంకరంపేట దిక్కు, బట్టలుతికే ఇంట్లో. మొగుడు పోయాక పట్నం చేరి ఇరవై ఏళ్ళు పెద్ద దవాఖానలో దుప్పట్లు ఉతికింది. తర్వాత నర్సుల ఆఫీసులో వాళ్ళ తెల్లచీరలు ఉతకడానికి కుదిరింది. ఒంటి మీది చీర కూడా ఒక నర్సు పాతబడిందని ఇచ్చిందే. మా డ్రైవరు పోయి "మెదక్ నుంచి కబురు, నర్సమ్మను పంపాల్నట" అనగానే ఆఫీసులో ఉన్న మనిషి పెరట్లోకి కేకేశాడట: "ఓ నర్సమ్మా, మీ దిక్కోళ్ళు పిలుస్తున్నరు. ఎవరికో పానం బాగలేదట."

"నాకు ఒక్కతే చెల్లె. ఇరవై ఏండ్లాయె చూడక. అదే పిలిచిందనుకుంటి. దవాఖానల నన్ను పేరువెట్టి పిలిచినోళ్ళు లేరు బిడ్డా. ఏయ్ అంటె నేనే, ఆయా అంటె నేనే. పేరువెట్టి పిలిచిండ్రని వచ్చిన."

"మరి చెల్లెలు కాదని తెలిశాక ఎందుకు పోలేదు?"

"అమ్మ దుప్పటి చూసిన గద" అంది. "ఇరవై ఏండ్లు నలభై మంచాల దుప్పట్లు నా చేతికొచ్చినయి. ఏ మరక వడ్డ మంచం తెల్లారి ఖాళీ అయితదో, ఏ మంచం మీది మనిషి లేచి ఇంటికి పోతదో నాకెరుక. ఏం జేస్తె లేచిండ్రో తలుపు కాడ నిలవడి చూసిన. చూసినంక ఇడిసిపెట్టి పోవుడు చాతగాలె."

అసలు నర్సు కోసం మళ్ళీ కబురు పంపుదామని నేను బస్సుల అడ్డాకు పరుగెత్తాను. బస్సులు బంద్. ఎప్పుడు నడుస్తాయో అక్కడున్న ఎవరికీ తెలియదు. తిరిగి వస్తూ దారంతా ఒకటే లెక్క: నాన్నకు చెబితే ఆమెను గదిలోంచి తీసేస్తారు, ఆ చోట పెట్టడానికి మరో మనిషి లేదు. చెప్పకపోతే, అమ్మకేమన్నా అయితే అది నా పాపమే. ఇంటికొచ్చి చెప్పలేదు. ఆ తర్వాతి రోజులు అమ్మ ఊపిరి తీసినప్పుడల్లా నేను లెక్కపెట్టుకుంటూ బతికాను.

మూడో వారంలో విమానాలు వినబడ్డాయి. యూనియన్ మిలిటరీ వస్తున్నదని అన్నారు. వీధిలో ఎవరి తలుపులు వాళ్ళు బిగించుకున్నారు. సరిగ్గా ఆ పొద్దునే థర్మామీటరు చూసి నేను ఎగిరి గంతేశాను. జ్వరం లేదు! రాత్రి నూటమూడు ఉన్నది ఒక్కసారిగా దిగిపోయింది. "ఏడుపాయల తల్లి కాపాడింది" అని మేనత్త కొంగు కళ్ళకద్దుకుంది. నాన్న కుర్చీలో కూలబడి నవ్వారు.

నర్సమ్మ నవ్వలేదు. గుమ్మంలో నిలబడి దుప్పటిని ఎండకు పట్టి చూస్తున్నది. దాని మీద చింతగింజంత నల్లని మరక.

"గిట్ల ఒక్కసారి దిగద్దు" అంది నాతో, మెల్లగా. "లోపట పేగుకు పుండువడ్డది, నెత్తురు కారుతున్నది. ఇగ నోట్లె ఏం పొయ్యద్దు. మనిషి మెసలద్దు. కాళ్ళ దిక్కు మంచం ఎత్తు జెయ్యాలె. ఇటుకలున్నయా?"

ఇటుకలు లేవు. బయటికి పోయే దారి లేదు. నాన్న డాక్టరమ్మ కోసం బయల్దేరి, వీధి మొగదల తుపాకులు పట్టుకొని నిలబడ్డ రజాకార్లను చూసి వెనక్కి వచ్చారు. నర్సమ్మ కళ్ళు నాన్న బీరువా మీద పడ్డాయి. తోలు అట్టల చట్టాల పుస్తకాలు, ఒక్కొక్కటి ఇటుకకన్నా మందం.

"వకీలు సాబ్, గవి ఇస్తరా?"

నాన్న ఏ పుస్తకాన్నీ ఒకరి చేతికి ఇచ్చిన మనిషి కాదు. తానే దించి తెచ్చారు. నాన్నా నేనూ మంచం ఎత్తిపట్టాం, ఆమె కాళ్ళ వైపు ఒక్కో కోడు కింద మూడేసి పుస్తకాలు పెట్టింది. నిజాం సర్కారు చట్టాలన్నీ అమ్మ కాళ్ళ కిందకు పోయాయి. బయట ఆ సర్కారు కూలిపోతున్న రోజులు. ఆ పుస్తకాలకు మిగిలిన పని అదొక్కటే అని నాన్న తర్వాత అనేవారు, నవ్వుతూ.

అమ్మ పొట్ట మీద తడిగుడ్డ. అది వేడెక్కకముందే ఇంకోటి. పెదవులు తడపడానికి నీళ్ళలో ముంచిన దూది. అంతే. నర్సమ్మ కూర్చుంది. అంతసేపు కదలకుండా ఒక మనిషి కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ఆమె కళ్ళు మాత్రం అమ్మ పెదవుల రంగు మీద, వేళ్ళ చివర్ల మీద తిరుగుతూ ఉండేవి. బయట విమానం వచ్చినప్పుడల్లా మేమందరం పైకి చూసేవాళ్ళం, ఆమె ఒక్కసారీ చూడలేదు.

రెండో రోజు అమ్మ కళ్ళు తెరిచింది. మొదటిమాట: "ఆకలి. ఒక్క ముద్ద పెట్టుండ్రి."

మేనత్త ఆగలేకపోయింది. మెత్తగా వండిన అన్నం గిన్నె కొంగు చాటున పెట్టుకొని వచ్చింది. ప్రేమతోనే వచ్చింది. నర్సమ్మ లేచి గడపకు అడ్డంగా పడుకుంది.

"అక్కా, పోతె నన్ను తొక్కి పో."

"కడుపు మాడ్చి సంపుతవా? నా ఇంట్ల నన్ను ఆపెటందుకు నువ్వు ఎవలవే?"

"ఎవలను గాను. బట్టలుతికేదాన్ని. నర్సును గాను."

నాన్న నావైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

ఏం అంటారో అని నేను గోడకు ఆనుకున్నాను. నాన్న గడప మీద అడ్డంగా పడుకున్న మనిషిని చూశారు. తన పుస్తకాల మీద వాలుగా నిలిచిన మంచాన్ని చూశారు. దాని మీద ఊపిరి తీస్తున్న అమ్మను చాలాసేపు చూశారు. కోర్టులో ఆయన వాదన నేను విన్నాను గాని, తీర్పు వినడం అదే మొదటిసారి.

"అక్కా, ఆ గిన్నె వంటింట్ల పెట్టు."

మర్నాడు దుప్పటి మీద మరక ఉలవగింజంత. ఆ మర్నాడు ఏమీ లేదు. నర్సమ్మ ఎండలో ఆ దుప్పటిని రెండుసార్లు తిప్పి చూసి, నన్ను పిలిచి చూపించింది. "సదువు" అంది. నేను చదివాను. కాలేజీలో చదివినదంతా ఒక ఎత్తు, ఆ ఖాళీ దుప్పటి ఒక ఎత్తు.

మిలిటరీ వచ్చి, దారులు తెరుచుకున్నాక డాక్టరమ్మ వచ్చింది. ఎత్తిన మంచం, పొట్ట మీది గుడ్డ, నేను రాసిన కాగితం, నర్సమ్మ దాచిపెట్టిన మరక గుడ్డ అన్నీ చూసింది. "నేనున్నా ఇంతకన్నా చేయగలిగింది లేదు. ఎక్కడ నేర్చుకున్నవమ్మా?" అని అడిగింది.

"గంగాళం కాడ" అంది నర్సమ్మ.

తర్వాత కొన్నాళ్ళకు హైదరాబాదు ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. మీ దగ్గరికి వచ్చిన మా బట్టల మనిషిని వెంటనే పంపగలరు, ఇక్కడ చీరలు గుట్టపడ్డాయి, మీకు నర్సు కావాలంటే ఇప్పుడు పంపుతాము అని. నాన్న జవాబు నాచేతనే రాయించారు: "మేము అడిగింది నర్సమ్మను. వచ్చింది నర్సమ్మే. పొరపాటేమీ లేదు."

ఆమె పోనన్నది. బస్సులు నడవగానే శంకరంపేటకు మాత్రం పోయింది. సాయంత్రానికే తిరిగి వచ్చి మూట గోడ పక్కన పెట్టింది. చెల్లెలి గురించి అడిగితే "లేదు బిడ్డా" అంది. లేదంటే ఊళ్ళో లేదనో, అసలే లేదనో నేను అడగలేకపోయాను. ఆ రోజు అమ్మ ఆమెను చెల్లె అని పిలవబోతే, ఆమె వద్దన్నది. "పేరువెట్టి పిలువమ్మా. మంచిగున్నది" అంది.

పెరటి గది ఆమెదైంది. అక్కడినుంచే వీధివీధికీ పోయేది. ఇంటివాళ్ళు వచ్చి పిలిస్తే, ఏ జబ్బు అని అడగకముందే "దుప్పటి ఉతికిండ్రా? ఉతకద్దు, నేను వస్తున్న" అనేది. మా మేనత్త ఆమెను తిడుతూనే ఉండేది, రోజూ ఆమె పళ్ళెంలో ముందుగా వడ్డిస్తూనే ఉండేది. "నన్ను గడప కాడ ఆపిన మనిషి, ఈమెకు భయపడకుంట ఉంటనా" అనేది వచ్చినవాళ్ళతో. నేను రెండు ఉద్యోగాలు పట్టి రెండూ వదిలేశాను. నర్సమ్మ ఒక్కసారే అడిగింది: "కూసునుడు చాతనైందా బిడ్డా?" ఇంకా కాలేదు నర్సమ్మా.

ఈసారి జ్వరం ఆమెకే వచ్చింది. అమ్మ మంచం పక్కన కూర్చుంది. "నర్సమ్మా, చెయ్యి వెడుతున్న" అని చెప్పి ముట్టుకునేది. సోమవారం పొద్దున నేను దుప్పటి మార్చి తీసుకుపోతుంటే ఆమె చేయి చాపింది. తన దుప్పటి తానే చూసుకుంటానంది. కిటికీ వైపు ఎత్తి పట్టుకోవడానికి చేతులు చాలలేదు. చెరొక మూల అమ్మా నేనూ పట్టుకున్నాం. ఆమె మూల నుంచి మూలకు చూసింది, తొందర లేకుండా, ఎవరి దుప్పటో అన్నట్టు.

"ఇగ డాక్టరమ్మను పరేషాన్ జెయ్యకుండ్రి" అంది. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది.

అయినా డాక్టరమ్మను పిలిచాం. ఆమె వచ్చి చూసి, వాకిట్లోకి వచ్చి అదే మాట చెప్పింది.

రిజిస్టరులో పేరు రాయించి ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో ఉంది. గంగాళం కింద మంట వేసి ఉంది. ఇంటి బట్టలైనా ఎన్నడూ చేత్తో ఉతకని మా అమ్మ, నర్సమ్మ చివరి దుప్పటిని తానే మరిగించి, జాడించి, పిండింది. దండెం మీద వేయలేదు. రెండు చేతులా ఎత్తి ఎండకు పట్టుకొని నిలబడింది. నీళ్ళు మోచేతుల మీదుగా కారుతున్నాయి.

"ఏం చూస్తున్నవమ్మా?" అన్నాను.

"ఏం లేదు" అంది అమ్మ, దుప్పటి వెనకనుంచి. "తెల్లగున్నది."

చాలాసేపు దించలేదు.